ముగింపు తెలిసిన ప్రేమకథల్లో ఉత్కంఠ

చారిత్రక ప్రేమకథ రాయబూనిన రచయితకు, సమకాలీన జీవితాన్ని చిత్రించే రచయితకు లేని ఒక ఇబ్బంది మొదటి పుటలోనే ఎదురవుతుంది. కథ చివరికి ఎక్కడికి చేరుతుందో పాఠకునికి ముందే తెలిసి ఉంటుంది. రుద్రమదేవి ఓరుగల్లు సింహాసనం ఎక్కిందని తెలుగు పాఠకునికి తెలిసినట్టే, చింగ్ వంశపు కాంగ్‌షీ చక్రవర్తి కుమారుల మధ్య సాగిన వారసత్వపు పోరులో నాలుగో రాకుమారుడే నెగ్గి 1722లో యోంగ్‌జెంగ్ చక్రవర్తిగా గద్దెనెక్కాడని చైనా పాఠకునికి తెలుసు. అయినా ఆ పోరు నేపథ్యంగా ఇంటర్నెట్‌లో ధారావాహికలుగా వెలువడిన ప్రేమకథల కోసం చైనాలో అసంఖ్యాకులైన పాఠకులు రోజూ ఎదురుచూశారు, ఇప్పటికీ చూస్తున్నారు. ముగింపు తెలిసిన కథలో ఉత్కంఠ ఎక్కడ పుడుతుంది, అది వందల అధ్యాయాల పొడవునా ఎలా నిలుస్తుంది అన్న ప్రశ్న చైనా సాహిత్యానికే పరిమితమైనది కాదు; కృష్ణా నది సముద్రంలో కలిసే ఈ దిగువ డెల్టా ప్రాంతానికి ఆ ప్రశ్నతో చాలా పాత పరిచయమే ఉంది.

మొవ్వ మండలంలోని కూచిపూడిలో తరతరాలుగా ప్రదర్శిస్తున్న భామాకలాపమే దీనికి మొదటి సాక్ష్యం. సిద్ధేంద్రయోగి పేరుతో ప్రసిద్ధమైన ఆ కలాపంలో సత్యభామ చివరికి కృష్ణునితో రాజీపడుతుందని తెలియని ప్రేక్షకుడు ఒక్కడూ ఉండడు. తెలిసి కూడా రాత్రి పొద్దుపోయేదాకా కూర్చునే ప్రేక్షకుడు చూడవచ్చింది ఆ రాజీని కాదు, రాజీకి ముందు ఆమె అభిమానం ఒక్కొక్క మెట్టే దిగివచ్చే తీరును. జడ విసిరి తన గొప్ప చాటుకున్న స్త్రీ, విరహం ముదిరిన కొద్దీ చెలికత్తె మాధవిని బతిమాలుకుని, లేఖ రాసి పంపి, ఆ లేఖకు జవాబు వచ్చేలోగా తనను తాను కొత్తగా చూసుకోవడం నేర్చుకుంటుంది. ముగింపు గురించిన కుతూహలం లేనప్పుడు చూపు మొత్తం పాత్ర మీదనే నిలుస్తుందన్న రహస్యాన్ని ఆ కలాపకర్తలు ఏనాడో గ్రహించారు.

చైనా అంతర్జాల నవల అనేది తెలుగు పాఠకులు వారపత్రికల్లో చదివిన ధారావాహికకు దగ్గరి చుట్టమే అయినా, దాని ఆర్థిక ఏర్పాటు వేరు. 2002లో మొదలైన చీడియన్, 2003లో మొదలైన జిన్‌జియాంగ్ వంటి వేదికల మీద రచయిత తొలి అధ్యాయాలను ఉచితంగా చదవనిస్తాడు. కథ పట్టుబడిన తర్వాత వచ్చే అధ్యాయాలకు పాఠకులు వెయ్యి అక్షరాలకు ఇంత అని చిన్న చిన్న మొత్తాలు చెల్లించి ముందుకు వెళతారు. జిన్‌జియాంగ్‌లో రచయితలూ పాఠకులూ అత్యధికంగా స్త్రీలే కావడంతో, ప్రాచీన నేపథ్యంలో నడిచే ప్రేమకథలకు అది పెద్ద పుట్టిల్లయింది. ఆ కథల్లోనూ శాఖలున్నాయి. అంతఃపురంలో రాణుల మధ్య సాగే ఎత్తుకు పైఎత్తుల కథలు ఒక శాఖ కాగా, పెద్ద కుటుంబంలో భార్యలు, ఉపపత్నులు, సవతి బిడ్డల మధ్య నలిగే కథలు రెండోది, నేటి కాలపు స్త్రీ గతంలోకి జారిపోయి మరొకరి దేహంలో మేల్కొనే కాలప్రయాణ కథలు మూడోది.

ఈ మూడో శాఖలో టోంగ్ హువా 2005లో రాసిన 'బు బు జింగ్ షిన్' ప్రత్యేకించి పరిశీలించదగినది. అడుగడుగునా గుండె అదిరే స్థితిని సూచించే పేరు అది. షెన్‌జెన్ నగరంలో ఉద్యోగం చేసుకునే జాంగ్ షియావో అనే యువతి ప్రమాదానికి గురై, కాంగ్‌షీ పాలనలోని 1704వ సంవత్సరంలో రువోషీ అనే చిన్నదానిగా కళ్ళు తెరుస్తుంది. రాకుమారుల్లో ఎవరు గెలుస్తారో, ఎవరు చెరసాల పాలవుతారో ఆమె చరిత్ర పుస్తకాల్లో చదివింది. అంటే పాఠకునికి ఉన్న జ్ఞానాన్నే రచయిత్రి కథానాయికకూ ఇచ్చింది; చారిత్రక కథకు బలహీనతగా కనిపించే ముందెరుకను కథకు చోదకశక్తిగా మార్చింది. ఓడిపోబోయే ఎనిమిదో రాకుమారుణ్ణి ప్రేమించిన రువోషీ, సింహాసనం మీద ఆశ వదులుకొమ్మని అతన్ని వేడుకుంటుంది, అతడు వదులుకోలేడు. విడిపోయేటప్పుడు, నాలుగో రాకుమారునితో జాగ్రత్తగా ఉండమని ప్రేమకొద్దీ హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికే రాకుమారుల మధ్య వైరాన్ని రాజేసి, ఆమె దేనికి భయపడిందో దానికే దారి తీస్తుంది. తెలిసినదాన్ని ఆపబోయి తానే జరిపించానన్న ఎరుక ఆమెను చివరి పుట దాకా వదలదు. గలగలలాడుతూ కథలోకి వచ్చిన పిల్ల, చక్రవర్తికి తేనీరందించే కొలువులో మాటను తూచి వాడటం నేర్చుకుని, ఇష్టంలేని పెళ్ళికి చక్రవర్తి ఆజ్ఞాపిస్తే కాదని, అందుకు దెబ్బలు తిని, బట్టలుతికే దాసీల విభాగానికి చేరుతుంది. ఏ ఘట్టంలోనూ ఆమె ఒక్కసారిగా మారదు. ప్రతి మార్పు వెనుకా ఆమె చెల్లించిన మూల్యం కనిపిస్తూనే ఉంటుంది.

ఇటువంటి కథలో ఉత్కంఠకు మూలం పాత్ర కోరికకూ, ఆ పాత్ర నిలబడిన చోటుకూ మధ్యనున్న దూరం. కత్తులు దూయడం, విషప్రయోగాలు, రాత్రివేళ కోట తలుపులు తెరుచుకోవడం ఆ దూరాన్ని బయటికి చూపే సాధనాలు మాత్రమే. కృష్ణా జిల్లా నందమూరులో 1895లో పుట్టి, బందరులో చదివి, బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో బోధించిన విశ్వనాథ సత్యనారాయణ రాసిన 'ఏకవీర' ఈ విషయంలో ఎంత ముందుకు వెళ్ళిందో నేటి పాఠకులు చాలామంది గమనించలేదు. మధుర నాయకరాజుల కాలంలో నడిచే ఆ నవలలో కుట్టాన్ సేతుపతి, వీరభూపతి ప్రాణస్నేహితులు. ఒకరు మనసిచ్చిన కన్య, పెద్దల నిర్ణయం వల్ల, మరొకరికి భార్య అవుతుంది. ఆ సంగతి మొదట స్నేహితులిద్దరికీ తెలియదు. మీనాక్షి, ఏకవీర అనే ఆ ఇద్దరు స్త్రీలు గడప దాటకుండా మోసే భారం నవలను నడిపిస్తుంది. అక్కడ దుర్మార్గుడు లేడు, కుట్ర లేదు; నలుగురూ మంచివాళ్ళే కావడం వల్ల ఎవరినీ నిందించలేక పాఠకుని గుండె బిగుసుకుంటుంది. చైనా అంతఃపుర కథలు ఒక పగ తీరగానే మరో ప్రతినాయికను సృష్టించుకునే చోట, విశ్వనాథ నాలుగు మనసులతోనే నవలంతా నిలబెట్టాడు. 1969లో అది సినిమాగా వచ్చినా, నవల బలమంతా చదివినప్పుడే అందుతుంది.

కథ నడక విషయానికి వస్తే, అది వేగం ఎక్కువా తక్కువా అన్న ప్రశ్నగా కనిపించినా, నిజానికి ఏ సమాచారాన్ని ఎప్పుడు వదలాలన్న ప్రశ్న. డెల్టా రైతుకు కాలువల మీది లాకుల పని తెలుసు గనుక ఇది సులభంగా బోధపడుతుంది: నీరంతా ఒకేసారి వదిలితే పైచేలు మునిగి శివారు భూములు ఎండిపోతాయి, అసలు వదలకపోతే నారు మాడిపోతుంది, కాబట్టి వంతులవారీగా వదలాలి. ధారావాహిక రచయిత కూడా ప్రతి అధ్యాయంలో ఒక చిన్న ప్రశ్నకు జవాబిచ్చి, పెద్ద ప్రశ్నను మరికొంత లోతు చేసి ఆపాలి. ఈ విద్యలో తెలుగు పాఠకులకు తిరుగులేని గురువు మొవ్వ మండలంలోని కాజ గ్రామంలో పుట్టిన యద్దనపూడి సులోచనారాణి. ఆమెవి చారిత్రక నవలలు కాకపోయినా, 1960ల్లో ధారావాహికగా వెలువడిన 'సెక్రటరీ'లో జయంతి ఆత్మాభిమానానికీ రాజశేఖరం మీద ఆమెకు కలిగే అపనమ్మకానికీ మధ్య నడిచే దోబూచులాటను సంచిక సంచికకూ తెగిపడని విధంగా అల్లిన తీరు, నేటి చైనా రచయిత్రులు రోజువారీ అధ్యాయాల్లో చేస్తున్న పనికి ఏమాత్రం తీసిపోదు. ప్రేమికులిద్దరూ కలుస్తారని ఆ నవల పాఠకులకు మొదటి సంచికలోనే తెలుసు. జయంతి తన అహాన్ని ఏమాత్రం కించపరచుకోకుండా ఎలా ఒప్పుకుంటుందన్నదే వారిని కట్టిపడేసింది.

రోజువారీ ప్రచురణ కథకు హాని కూడా చేస్తుందని ఒప్పుకోవాలి. అక్షరాల లెక్కన డబ్బు వచ్చే చోట, రెండు పేజీల్లో తేలే అపార్థాన్ని ఇరవై అధ్యాయాలకు సాగదీయాలన్న ప్రలోభం తప్పదు. ఒక్క మాటతో తీరిపోయే సందేహాన్ని కేవలం ఆ మాట అనిపించకుండా పొడిగించడం ఉత్కంఠ అనిపించుకోదు, పాఠకుని ఓర్పును దోచుకోవడం అవుతుంది. మాట్లాడకపోవడానికి పాత్రకు బలమైన కారణం ఉండాలి. మింగ్‌లాన్ అనే అమ్మాయి కథగా పేరుపొందిన నవలలో ఈ కారణం చక్కగా అమరింది. ఉపపత్నికి పుట్టిన బిడ్డ కాబట్టి ఆమె తన తెలివిని దాచుకోవాలి; తెలివి బయటపడితే తండ్రి ఇంట్లో బతుకే కష్టమవుతుంది. అందువల్ల ఆమె మౌనం ప్రతి పుటలోనూ సహజంగా తోస్తుంది, నెమ్మది నడక విసుగు పుట్టించదు.

పాత్ర మారే తీరును చూపడంలో ల్యూ ల్యెన్‌జి రాసిన 'జెన్ హువాన్' కథ మరింత కఠినమైనది. 2011లో 76 భాగాల టీవీ ధారావాహికగా వచ్చాక అది చైనాలో ఇంటింటి కథ అయింది. అంతఃపురానికి ఎంపిక కాకుండా ఉంటే చాలునని కోరుకున్న అమ్మాయి, చక్రవర్తి అనురాగాన్ని నిజమని నమ్మి మనసిస్తుంది. అతడు తనలో చనిపోయిన మొదటి రాణి పోలికలను ప్రేమిస్తున్నాడని తెలిసిన క్షణం కథను రెండుగా చీలుస్తుంది. ఆమె అంతఃపురం వదిలి సన్న్యాసినుల మఠానికి వెళ్ళి, తిరిగివచ్చేసరికి మాట తీరు అదే, నవ్వు అదే, లోపల మనిషి మాత్రం వేరు. మొదటి సగంలో ప్రేమతో చేసిన పనులనే రెండో సగంలో లెక్కతో చేస్తుంది. రాజమాతగా సర్వాధికారం చేజిక్కే నాటికి ఆమెను ప్రేమించిన వారిలో చాలామంది మిగలరు. రచయిత్రి ఎక్కడా తీర్పు చెప్పదు. ఒకే పనిని రెండు వేర్వేరు మనసులతో చేయించి చూపడం ద్వారా పాఠకుని చేత తీర్పు చెప్పిస్తుంది. పాత్ర పరిణామాన్ని చూపడానికి ఇంతకంటె నమ్మదగిన మార్గం అరుదు.

ఈ దృష్టితో చూస్తే, బందరు జాతీయ కళాశాలలో చిత్రకళ అభ్యసించి తర్వాత అదే కళాశాలకు ప్రధానాచార్యుడిగా పనిచేసిన అడివి బాపిరాజును తెలుగువారు మళ్ళీ చదువుకోవలసి ఉంది. ఆయన 'గోన గన్నారెడ్డి'లో నేటి చైనా ప్రేమకథలకు ప్రాణమైన రెండు అంశాలు అప్పటికే ఉన్నాయి. మొదటిది మారువేషం: మగవానిగా పెరిగిన రాచకూతురు రుద్రమ తన స్త్రీత్వాన్ని రాజ్యం కోసం దాచుకోవలసి రావడం, ప్రేమ ఆ దాపరికాన్ని ప్రమాదంలో పడేయడం. రుద్రమదేవిని శాసనాలు రుద్రదేవ మహారాజనే పురుషనామంతో పేర్కొన్నాయి గనుక ఇది కేవలం కల్పన కాదు. రెండోది ముసుగు ధరించిన నాయకుడు: దారిదోపిడీలు చేసే గజదొంగగా లోకానికి భయం పుట్టించే గన్నారెడ్డి లోలోపల ఎవరి పక్షాన ఉన్నాడో తేలకుండా కథ నడవడం. పెళ్ళి చెడగొట్టిన ఆ దొంగ పట్ల అన్నాంబిక మనసు మెల్లగా మళ్ళే తీరును బాపిరాజు చిత్రకారుని ఓపికతో రాశాడు. 'హిమబిందు'లో ఆయన సృష్టించిన విషకన్య అయితే, చంపడానికి పెంచిన దేహంలో ప్రేమ మొలిస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు నిలువెత్తు రూపం. వర్ణనలు కొన్నిచోట్ల కథను ఆపేస్తాయన్నది నిజమే. అయినా ఆ విషకన్య కనిపించిన ప్రతిసారీ నవల ఊపిరి బిగబడుతుంది.

ఇక దివిసీమ చరిత్రలోనే ఇంకా ఎవరూ వాడుకోవలసినంతగా వాడుకోని ఒక కథ ఉంది. పులిగడ్డ దగ్గర కృష్ణ పాయలుగా చీలి చుట్టుముట్టిన ఈ దీవిని 13వ శతాబ్దం తొలి ఏళ్ళలో అయ్య వంశపు ప్రభువు పినచోడి కుటుంబం ఏలుతుండేది. 1199 నుంచి 1262 దాకా పాలించిన కాకతీయ గణపతిదేవుడు దివిని జయించాక, ఆ వంశాన్ని తుడిచిపెట్టకుండా పినచోడి కుమార్తెలు నారమాంబ, పేరమాంబలను పెళ్ళాడాడు. వారి తమ్ముడు జాయపను తన కొలువులోకి తీసుకుని, గుండామాత్యుని వద్ద నృత్యవిద్య నేర్పించి, ఏనుగుల దళానికి అధిపతిని చేశాడు. చైనా అంతఃపుర కథల్లో లెక్కకు మించి కనిపించే ఘట్టమే ఇది: ఓడిన ఇంటి ఆడబిడ్డలు గెలిచినవాని అంతఃపురంలో అడుగుపెట్టడం, వారి సోదరుడు శత్రువు చేతి అన్నం తిని ఎదగడం. కల్పితమైన రాజ్యాన్ని పేర్చుకునే శ్రమ లేకుండా ఇక్కడ అంతా శాసనస్థమై సిద్ధంగా ఉంది.

ఇంత ఉన్నా ఆ అక్కచెల్లెళ్ళ మనసుల గురించి శాసనాలు మౌనంగా ఉన్నాయి, నవలాకారునికి కావలసిన ఖాళీ అదే. పుట్టిన దీవిని ఓడించినవాని పక్కన కూర్చున్న తొలి రోజుల్లో నారమ ఏం మాట్లాడింది, ఒకే భర్తను పంచుకోవలసి వచ్చిన పేరమ అక్కను ఎలా చూసింది, తమ్ముడు కాకతీయ సైన్యానికి ఏనుగులు నడుపుతూ బయల్దేరిన నాడు అతని గెలుపు కోసం ఇద్దరూ మొక్కుకున్నారా అన్న ప్రశ్నలను వందల అధ్యాయాల పొడవునా ఒక్కొక్కటిగా విప్పవచ్చు. గెలుపోటములు ఎటు తేలాయో అందరికీ తెలుసు కనుక కథ మొత్తం ఆ మనసుల మీదనే నిలబడుతుంది. 2014లో బెంగళూరులో మొదలైన ప్రతిలిపి వంటి వేదికల మీద నేడు ఎందరో తెలుగు రచయిత్రులు ఫోనులోనే భాగాలుగా ప్రేమకథలు రాస్తున్నారు. వారిలో ఒకరైనా దివికి రావాలి. జాయప పాత్ర ఒక్కటే చాలు ఒక మహానవలకు: ఓడిన వంశపు కుర్రవాడిగా మొదలై, గజసేనాపతిగా ఎదిగి, దివి పతనమైన సుమారు అర్ధ శతాబ్దానికి, 1253 ప్రాంతంలో, 'నృత్తరత్నావళి' పూర్తిచేశాడు. ఎనిమిది అధ్యాయాల ఆ గ్రంథంలో మొదటి నాలుగు శాస్త్రసంప్రదాయమైన మార్గనృత్యానికీ, తక్కిన నాలుగు జనం ఆడుకునే దేశి నృత్యాలకూ కేటాయించాడు. యుద్ధం తెచ్చిన బంధుత్వంతో రాచకొలువుకు చేరిన వ్యక్తి తన గ్రంథంలో సగభాగం ఊరి జనం ఆటలకు ఇవ్వడానికి ఆ యాభై ఏళ్ళలో అతని లోపల ఏం జరిగి ఉంటుందో కథగా అల్లగలిగితే, రువోషీకీ జెన్ హువాన్‌కూ దీటైన పాత్ర తెలుగులో దివిసీమ నుంచే పుడుతుంది.