శీతల ప్రాంతముల గ్రంథసూచి

గ్రంథసూచి యనగానే పుస్తకము చివర సన్నని అక్షరములతో అచ్చయిన నాలుగు పుటలు మనకు స్ఫురించును. పరీక్షలకు చదువువారు వాటిని తెరువరు. కాని కొన్ని శాస్త్రములకు ఆ పుటలే పునాది. ధ్రువ ప్రాంతముల పరిశోధన అట్టిది.

అచ్చటి మంచును, గడ్డకట్టిన నేలను పరిశీలించినవారు ఒక్క దేశమువారు కారు. రష్యనులు, నార్వేవారు, డేనులు, కెనడావారు, అమెరికనులు తమతమ భాషలలో, తమతమ పత్రికలలో వ్రాసిరి. సైబీరియాలో ఒక ఇంజనీరు 1930లో ఒకచోట నేల లోతున ఉష్ణోగ్రతను కొలిచెననుకొందము. ఆ కొలతను నేడు మరల తీయుట ఎవరి తరమును కాదు. ఆనాటి నేల ఈనాడు లేదు. ఆ నివేదిక ఎచ్చటనున్నదో తెలియనిచో అది లేనట్లే.

ఈ లోటు తీర్చుటకు ఉత్తర అమెరికా ఆర్కిటిక్ సంస్థవారు పూనుకొనిరి. మేరీ ట్రిమెయిన్ సంపాదకత్వమున ‘ఆర్కిటిక్ బిబ్లియోగ్రఫీ’ 1953లో వెలువడసాగినది. పరభాషా గ్రంథముల పేర్లకు ఆంగ్లానువాదము, విషయ సంగ్రహము అందు కలవు. ఏ గ్రంథాలయపు ప్రతిని కన్నులార చూచి వ్రాసిరో అదియు సూచించిరి. మా దృష్టిలో ఆ చిన్న గుర్తే ఆ సంపుటములకు గౌరవము. ఒక సూచినుండి మరొక సూచికి తప్పులతో సహా ఎత్తివ్రాయుట ఎంత సులభమో అందరెరిగినదే.

ఇందు మిక్కిలి శ్రమ పేర్లతోనే. నేడు ‘పర్మాఫ్రాస్ట్’ అను మాట అందరి నోటను ఉన్నది. అది ఆంగ్లమున ప్రచారములోనికి వచ్చినది సైమన్ ముల్లర్ 1943లో వ్రాసిన గ్రంథముతో. కనుక ఆ యొక్క మాటనే పట్టుకొని వెదకువానికి అంతకు ముందటి రచనలు పెక్కు దొరకవు. స్పిట్స్‌బెర్గెన్ దీవుల సముదాయము 1925లో నార్వే ఏలుబడిలోనికి వచ్చి స్వాల్‌బార్డ్ అయినది. నేడు పాత పేరు అందలి పెద్ద దీవికి మాత్రమే చెల్లుచున్నది. రష్యన్ గ్రంథకర్తల పేర్లు రోమన్ లిపిలో పలు రూపములు దాల్చును. ఒకే పేరు ఉర్దూ కార్డుపై ఒక తీరుగను, తెలుగు కార్డుపై మరొక తీరుగను కనబడుట చూచిన మనకు ఈ చిక్కు వేరుగా చెప్పనక్కరలేదు. ఈ రూపములన్నిటిని ఒకచోట ముడివేయుటయే సూచికర్త పని. కంప్యూటరు వచ్చిన పిదప వెదకుట వేగమైనది గాని ఆ ముడి వేయవలసినవాడు మనుష్యుడే.

సూచిని కూర్చుటకన్న నిలుపుట కష్టము. లక్షకు పైగా రచనలను నమోదు చేసిన ఆర్కిటిక్ బిబ్లియోగ్రఫీ 1975లో 16వ సంపుటముతో ఆగిపోయినది. అలాస్కాలో సుమారు 1,300 కిలోమీటర్ల చమురు గొట్టపుమార్గము వేయుట మొదలైనదియు ఆ యేడే. నేలలోని మంచు కరగునను భయముచే అందు సగమునకు పైగా స్తంభములపై నెత్తి నిలిపిరి. గడ్డకట్టిన నేలను గూర్చిన పాత అనుభవము మిక్కిలి అవసరమైనప్పుడే సూచి నిలిచిపోవుట విచారకరము. అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమున సాగిన మరొక శీతల ప్రాంతముల సూచి మాత్రము చాలకాలము నిలిచి, అనంతరము అమెరికన్ జియొలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌కు బదిలీ అయినది. 

అంటార్కిటికా రచనలకును ఆ గ్రంథాలయమే 1960 దశకమునుండి ప్రత్యేక సూచిని వెలువరించినది. డాక్టర్ సయ్యద్ జహూర్ ఖాసిం నాయకత్వమున మన దేశపు తొలి యాత్రికులు 1982 జనవరిలో ఆ ఖండమున అడుగిడిరి. వారి శాస్త్రీయ నివేదిక మరుసటి యేడు అచ్చయినది.