వీపే సాక్షి

ఏళ్ల తరబడి గోక్కుంటున్నా దురదకు కారణం అంతుపట్టనప్పుడు చర్మవైద్యులు వీపు మీద వరసగా చిన్న బిళ్లలు అంటించి ఇంటికి పంపిస్తారు. అదే ప్యాచ్ టెస్ట్. ఆ బిళ్లల వెనక విశేషాలు కొన్ని.

• మందే దొంగ! ఈ పరీక్షకు ఆద్యుడు జర్మన్ వైద్యుడు యోసెఫ్ యాడసోన్. పాదరసం మందు పూసిన కొందరికి చర్మం ఎర్రబడి పొక్కడం గమనించి, అదే మందు మళ్లీ కాస్త అంటించి చూశాడు. మళ్లీ పొక్కింది. 1895లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో జరిగిన వైద్యుల సభలో ఆ సంగతి బయటపెట్టాడు.

• ఇందులో సూది గుచ్చరు. అనుమానమున్న పదార్థాలను ఎక్కువగా వ్యాసలీన్‌లో కలిపి, 8 మిల్లీమీటర్ల బిళ్లల్లో పెట్టి అంటిస్తారు.

• సూదిమొనతో పైపైన గుచ్చి చేసే ప్రిక్ టెస్ట్ 15, 20 నిమిషాల్లో తేలిపోతుంది. ఈ బిళ్లలు మాత్రం 48 గంటలు ఉండాలి. తీశాక ఒకసారి, నాలుగో రోజు ప్రాంతంలో మరోసారి చూస్తారు. ఇక్కడ పని ఒంటి రక్షకదళంలోని టి-కణాలది. అవి బలగాన్ని పోగేసుకుని వచ్చేసరికి రోజులు పడుతుంది. గాయాల మందుల్లో వాడే నియోమైసిన్ కొందరిలో వారానికి గాని బయటపడదు.

• ఆ రెండు రోజులూ వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు. రోహిణి కార్తెలో అదే అసలు పరీక్ష! మామూలు దురద మాత్రలతో పెద్దగా ఇబ్బంది లేదు గాని, స్టెరాయిడ్ మాత్రలు ఉన్న అలర్జీని కూడా దాచేయగలవు. ఏం వాడుతున్నారో డాక్టరుకు ముందే చెప్పాలి.

• ఎగ్జిమా భగ్గుమంటున్నప్పుడు పరీక్ష చేస్తే ఏ పాపం ఎరగని బిళ్ల కింద కూడా చర్మం ఎర్రబడవచ్చు. దీన్ని వైద్యులు ‘యాంగ్రీ బ్యాక్’ అంటారు. మన మాటల్లో కోపిష్టి వీపు!

• పేరులోనే వయ్యారం, పనంతా దురద: వయ్యారిభామ. అమెరికా ఖండాల నుంచి వచ్చిన ఈ కలుపు 1950ల్లో పుణెలో కనబడి దేశమంతా పాకింది. దీని పొడి గాలిలో తేలి వచ్చి ముఖం, కనురెప్పలు, మెడ మీద పడుతుంది. మన దేశపు బిళ్లల వరసలో దీనికీ చోటుంది.

• స్టిక్కర్ బొట్టు పెట్టుకునేచోట దురదా? తప్పు చాలాసార్లు రంగుది కాదు, వెనకనున్న జిగురుది.

• రెండో ప్రపంచ యుద్ధకాలంలో మన దేశంలో ఉన్న అమెరికన్ సైనికులకు ఉతికి వచ్చిన చొక్కాల మీద చాకలి గుర్తున్నచోటే ఒళ్లు పొక్కింది. ఆ గుర్తు నల్లజీడి రసంతో పెట్టినది. వాళ్ల ఊళ్లో ఒళ్లు పొక్కించే పాయిజన్ ఐవీ మొక్క, మన నల్లజీడి, జీడిమామిడి, మామిడి అన్నీ ఒకే కుటుంబం. చర్మం చుట్టాన్ని గుర్తుపట్టింది!

• తాపీపనివారి చేతుల పగుళ్లకు సిమెంట్‌లోని క్రోమియం ఒక కారణం. డెన్మార్క్‌లో 1980ల మొదట్లో సిమెంట్‌లో ఆ క్రోమియం జోరు తగ్గించే ఫెర్రస్ సల్ఫేట్ కలపడం మొదలయ్యాక ఈ అలర్జీ బాగా తగ్గింది.

• అమెరికాలోని కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ ఏటా ఒక ‘అలర్జీ కారకాన్ని’ ప్రకటిస్తుంది. 2019లో క్రీముల్లో నిల్వ కోసం వాడే పారాబెన్లను మాత్రం ‘కారకం కానిది’ అంటూ ప్రకటించి వాటి మీది నింద తుడిచింది. 2022లో వంతు అల్యూమినియానిది. ఈ పరీక్షలో వాడే బిళ్లల్లో కొన్ని ఆ లోహంతో చేసినవే. దొంగను పట్టే బిళ్లే బోనెక్కింది!