పిందె వగరు, పాదరక్ష

నూజివీటి తోటలలో గాలికి రాలిన మామిడి పిందెను ఉప్పుకారములతో కొఱికిన పిల్లవాని నాలుక, పులుపు తగ్గిన వెనుక, బిగుసుకొని మొద్దువాఱుట ఆ సీమలో అందఱెఱిగినదే గాని, ఆ క్షణమున నోట జరుగు క్రియయు, పచ్చితోలు చెప్పుల తోలుగా మాఱునప్పుడు తొట్టిలో జరుగు క్రియయు ఒక్కజాతివేయని తలచువారు అరుదు. పిందెలోను, మామిడి బెరడులోను, తంగేడు చెక్కలోను, కరక్కాయలోను ఉండు టానిన్లకు మాంసకృత్తులను పట్టుకొను గుణము కలదు. నాలుకపై అవి లాలాజలపు మాంసకృత్తులతో ముడివడి జాఱుదనమును హరించును. కావుననే వగరు రుచికంటె స్పర్శకు దగ్గఱి అనుభవము.

తోలులో ఆ పట్టునకు చిక్కునది కొల్లాజెను. దాని అణువు మూడు పోగులు పేనిన త్రాడువంటిదని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయమున జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించిరి. పచ్చితోలు తడిసియున్న కుళ్లును, ఎండిన బిగిసి వంగకపోవును, నీట వేడిచేయగా సుమారు 60, 65 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే ముడుచుకొనిపోవును. టానిన్లు పోగుల నడుమ నీరున్న తావులలో చేరి వానిని బంధించుటచే, కుళ్లించు సూక్ష్మజీవులకు పట్టు దొరకదు, ఎండినను పోగులు ఒండొంటికి అంటుకొనవు.

ఈ సిద్ధాంతమేదియు పుట్టకమున్నే, తోలును సున్నపు తొట్టిలో నానవేసి వెండ్రుకలూడ్చి, తంగేడు చెక్క కషాయమున దినములకొలది ఊరవేసి, కిఱ్ఱుచెప్పులును మోట తొండములును చేసిపెట్టినవారు మాదిగ వృత్తికారులు. ఆ రసాయనవిద్యను కాపాడినవారిని ఊరి వెలుపల నిలిపి, వారు కుట్టిన చెప్పులతో ఊరిలో తిరిగిన సంఘము మనది.

అట్టి వృత్తివిద్యను ఒక రైతుబిడ్డ జీవితకార్యముగా ఎన్నుకొనుట ఆనాడు చిన్న సంగతి కాదు. తెనాలి చేరువనున్న యలవర్రులో 1922 సెప్టెంబరు 10న జన్మించిన యలవర్తి నాయుడమ్మ, కాశీ హిందూ విశ్వవిద్యాలయమున చదివి, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొంది, మద్రాసులో 1948లో నెలకొనిన కేంద్ర చర్మ పరిశోధన సంస్థకు 1958 నుండి 1971 వఱకు సంచాలకులుగా ఉండిరి.

పాదరక్షల పరిశ్రమలో నూతన కల్పన యనగానే యంత్రమును తలచుట పరిపాటి. సూరినాములో పుట్టి అమెరికాలోని లిన్ పట్టణము చేరిన యాన్ మాట్జెలిగర్, జోడు పైతోలును అచ్చుపై సాగదీసి అట్టకు బిగించు యంత్రమునకు 1883లో పేటెంటు పొందెను. నేర్పరి చేతితో దినమునకు 50 జతలు బిగించుచోట అది అనేకరెట్లు బిగించెను. లాభములో పెద్దపాలు ఇతరులకు చేరగా, ఆయన 37 ఏండ్లు నిండకయే 1889లో క్షయచే మరణించెను. అయితే యంత్రము లాగినప్పుడు సాగియు చిఱుగని తోలు ముందుగా ఉండవలెను గదా! నాయుడమ్మగారి రంగమదియే.

వారి చింత తొట్టితో ఆగలేదు. సగము పదునైన తోళ్లను మనము అమ్ముకొనగా, వానిని జోళ్లుగా కుట్టి అసలు లాభమును పొందినవారు విదేశీయులు. 1970వ దశకమున అట్టి తోళ్ల ఎగుమతిపై ప్రభుత్వము ఆంక్షలు విధించిన పిమ్మట, పూర్తిగా సిద్ధమైన తోలునకును, పాదరక్షలకును పరిశ్రమ మరలెను. 1971 నుండి 1977 వఱకు శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలికి అధిపతియై, నాయుడమ్మ కరీంనగరము జిల్లాను ఎన్నుకొని ప్రయోగశాలల విద్యను గ్రామములకు చేర్ప యత్నించిరి. నా దృష్టిలో పదవులకంటె ఇది గొప్పది. 1985 జూన్ 23న కెనడా నుండి తిరిగివచ్చుచు కనిష్క విమాన విధ్వంసమున అసువులు బాసిరి.

నేడు తోళ్లలో అధికభాగమును పదును చేయునది క్రోమియము లవణము. చెక్క కషాయము వారములు తీసికొను పనిని అది ఒకటి రెండు దినములలో ముగించును, ఆ తోలు మరుగునీటికిని ఓర్చును. కాని పాతపద్ధతిలో క్రోమియమున సుమారు మూడవవంతు తోలుకు పట్టక మురుగులో కలియును. అందులకే చర్మ పరిశోధన సంస్థ నీరు చేర్చని క్రోము పద్ధతిని రూపొందించినది. అయినను చెక్క టానిన్ల పని తీఱిపోలేదు. క్రోము తోలు మెత్తనై సాగును, టానిన్ల తోలు దిట్టమై రూపు నిలుపుకొనును. కావున తోలు అట్ట గల మేలిరకపు జోడులో పైభాగము క్రోముతోను, అట్ట చెట్టుబెరడుతోను పదునైనవిగా ఉండుట నేటికిని కలదు.