మండీ చిట్టా కంప్యూటరుకెక్కితే లాభమెవరికి? టమోటాకు ఒక లెక్క, చింతపండుకు మరో లెక్క

(మా వాణిజ్య విలేఖరి)

మదనపల్లె, పుంగనూరు, కుప్పం: కొనుగోలు పార్టీల వివరాలు, బేరాలు, వాయిదాలు ఒకేచోట నమోదు చేసే సీఆర్‌ఎం సాఫ్ట్‌వేర్లలో గత రెండు మూడేళ్ళలో చాలా మార్పులు వచ్చాయి. వాట్సాప్ జోడింపు, దుకాణంలోని అందరికీ ఒకే చిట్టా, కృత్రిమ మేధ సలహాలు వాటిలో ముఖ్యమైనవి. పడమటి మండలాల కమీషన్ మండీలకు ఇవి ఎంతవరకు అక్కరకు వస్తాయన్నది సరుకును బట్టి తేలవలసిన విషయం. టమోటా మండీకి వీటిలో ఒకటి రెండు చాలు. చింతపండు వర్తకుడికి మాత్రం పెట్టిన డబ్బు గిట్టుబాటు కావచ్చును.

మండీలో అసలు ఆస్తి కాటా కాదు, గుమస్తా జ్ఞాపకం. సేలం పార్టీ ఏ రకం కాయ అడుగుతాడో, ఎవరు ఎనిమిదో రోజున డబ్బు పంపుతారో, ఎవరు లారీ దిగగానే కుళ్ళు వచ్చిందని ఫోను చేసి ధర కోస్తారో అతనికే తెలుసు. అతను పక్క మండీకి మారితే అతని సెల్‌ఫోనుతోపాటు సగం పార్టీలు కూడా మారిపోతారు. బి.కాం.లో ఈ పార్టీలను 'సండ్రీ డెటార్స్' అనే ఒక్క పద్దు కింద చదువుకున్నాము. బాకీ ఎంతో ఆ పద్దు చెబుతుంది గాని మనిషి ఎటువంటివాడో చెప్పదు. ఆ రెండో సంగతిని గుమస్తా జేబులోనుంచి యజమాని పుస్తకంలోకి మార్చడమే సీఆర్‌ఎం చేసే పని.

ఒకే చిట్టా, వేర్వేరు తాళాలు

ఈ సాఫ్ట్‌వేర్లలో మనకు దగ్గరిది జోహో. 1996లో అడ్వెంట్‌నెట్ అనే పేరుతో మొదలైన ఈ చెన్నై కంపెనీ 2005లో సీఆర్‌ఎం రంగంలోకి వచ్చింది. రేణిగుంటలో కూడా దీనికి కార్యాలయం ఉన్నది. చిన్న వ్యాపారుల కోసం 2020లో 'బిగిన్' అనే తేలిక రకాన్ని విడుదల చేసింది. 2024లో 'సీఆర్‌ఎం ఫర్ ఎవ్రీవన్' పేరుతో తెచ్చిన మార్పు మండీలకు ఆలోచించదగినది. అంతకుముందు ఇటువంటి పుస్తకం ప్రధానంగా అమ్మకం సిబ్బంది చేతిలోనే ఉండేది. ఈ మార్పుతో ఇతర విభాగాలవారు కూడా అదే చిట్టాలో తమ భాగం తాము రాసుకోవచ్చును. ఎవరు ఏది చూడవచ్చునో యజమాని నిర్ణయిస్తాడు. మన భాషలో చెప్పాలంటే కాటా దగ్గరివాడు తూకం రాస్తాడు, లోడింగ్ చూసేవాడు లారీ నంబరు రాస్తాడు, లెక్కల గుమస్తా జమ రాస్తాడు. పార్టీల ఫోను నంబర్లు మొత్తంగా ఎవరి చేతికీ పోవు. గుమస్తా వెళ్ళిపోయిన రోజున అతని తాళం తీసేస్తే సరి.

టమోటాకు మెట్లెక్కే తీరిక లేదు

అయితే ఈ సాఫ్ట్‌వేరు కట్టింది మన బేరం కోసం కాదు. విచారణ, కొటేషను, బేరసారాలు, ఖరారు అంటూ మెట్లు మెట్లుగా నడిచే అమ్మకాలకు, అంటే యంత్రాలు, ఫ్లాట్లు అమ్మేవారికి అది సరిపోతుంది. మదనపల్లె యార్డులో ఉదయం దిగిన టమోటా అదే రోజున వేలమై లారీ ఎక్కుతుంది. ఒక్కొక్క మెట్టు టైపు చేసేలోగా లారీ ఘాట్ దాటుతుంది. పార్టీకి ఫోను చేయడానికి ఏ వేళ మంచిదో చెప్పే సదుపాయం కూడా ఇందులో ఉన్నది. వేలం వేళ ఫోను చేయాలని చెప్పడానికి మదనపల్లెలో కంప్యూటరు అక్కరలేదు.

టమోటా వర్తకుడికి నిజంగా పనికివచ్చేది అప్పు హద్దు. 2023 జూలై ఆఖరులో మదనపల్లెలో మేలురకం కిలో 200 రూపాయల దరిదాపులకు పోయింది. సెప్టెంబరు వచ్చేసరికి పది రూపాయల స్థాయికి పడిపోయింది. పది టన్నుల లోడు పది రూపాయల ధరకు లక్ష రూపాయలు. 200 ధరకు ఇరవై లక్షలు. ఒక పార్టీకి రెండు లోళ్ళ వరకు అప్పు ఇవ్వవచ్చునని నోటిమాటగా అనుకున్న మండీ, మందపు ధరలో రెండు లక్షలకు, మండిపోయే ధరలో నలభై లక్షలకు పూచీ పడినట్లే. హద్దును లోళ్ళలో కాక రూపాయలలో రాసుకుని, అది దాటగానే యజమాని ఫోనుకు హెచ్చరిక వచ్చేలా ఏర్పాటు చేసుకోవచ్చును. కాని బాకీ పద్దు వేరే లెక్కల సాఫ్ట్‌వేరులో ఉండి, రెండింటికీ జోడింపు లేకపోతే ఆ హెచ్చరిక రానే రాదు. అమ్మవచ్చిన ఏజెంటును మొదట అడగవలసిన ప్రశ్న ఇదే.

ఖాళీ క్రేట్ల గొడవ రెండోది. రైతుకు వెళ్ళినవి, పార్టీతో పోయినవి, తిరిగి రానివి వేరే నోటుపుస్తకంలో ఉంటాయి, లేదా ఎక్కడా ఉండవు. పార్టీ పేరు పక్కనే క్రేట్ల బాకీ అని ఒక గడి చేర్చుకోవడం ఇటువంటి సాఫ్ట్‌వేర్లలో పెద్ద పని కాదు. సీజను చివర లెక్క చూసుకుంటే ఈ ఒక్క గడే ఖర్చు రాబట్టవచ్చును.

ఇక బాకీ గుర్తుచేయడం ఒక్కటే కావాలంటే సీఆర్‌ఎం కొనవలసిన పనే లేదు. 2023 డిసెంబరులో వచ్చిన టాలీప్రైమ్ 4.0లోనే బిల్లులను, బాకీ పట్టీలను వాట్సాప్‌లో పంపే వీలు కల్పించారు. టాలీ ఉన్న మండీ ముందు దానిని పూర్తిగా వాడుకుని ఆ తరువాత మిగతావాటి గురించి ఆలోచించడం మేలు.

వాట్సాప్ అనగానే ఉచితమనుకోరాదు. సాఫ్ట్‌వేరు ద్వారా మనంతట మనం పంపే సందేశానికి ముందుగా ఆమోదం పొందిన నమూనా ఉండాలి, అవతలివారి సమ్మతి ఉండాలి. 2025 జూలై 1 నుంచి ఇటువంటి సందేశాలకు ఒక్కొక్కదానికి ఇంతని రుసుము పడుతున్నది. పార్టీయే ముందు సందేశం పంపితే ఆ తరువాత 24 గంటల లోపు ఇచ్చే మామూలు జవాబుకు రుసుము లేదు. కనుక రోజూ ధరవరలు అడిగే పార్టీల చేత ఉదయమే ఒక మాట పంపించుకునే అలవాటు చేసినవాడికి ఖర్చు కలిసివస్తుంది.

పుంగనూరులో బేరానికి వ్యవధి ఉన్నది

చింతపండు కథ వేరు. సరుకు ఫిబ్రవరి మొదలు మూడు నాలుగు నెలలు వస్తుంది. రంగు చెడకుండా కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఏడాది పొడవునా అమ్ముతారు. గింజ తీసిన రకం, తీయని రకం, రంగు, తేమ చూసి నమూనా పంపడం, తమిళనాడు పార్టీ ధర చెప్పడం, వారం ఆగడం, మళ్ళీ మాట్లాడడం, ఇదంతా మెట్ల మీద నడిచే బేరమే. ఏ నమూనా ఎవరికి పోయింది, ఎవరు ఏ ధరకు ఆగారు, స్టోరేజీలో ఏ లాటు ఎన్నాళ్ళుగా ఉన్నది అన్న మూడు వివరాలు ఒక తెరమీద కనిపిస్తే, అద్దె పెరిగే ముందే ఎవరికి ఫోను చేయాలో తెలుస్తుంది. పుంగనూరు వర్తకుడికి 'పైప్‌లైన్' అనే మాట కొత్త కావచ్చును గాని పని పాతదే.

కుప్పంలో మూడు భాషలు

కుప్పానికి కంప్యూటరు కొత్త కాదు. 2002లోనే హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఇక్కడ 'ఐ-కమ్యూనిటీ' పథకం ప్రారంభించి పల్లెల్లో సమాచార కేంద్రాలు పెట్టింది. కుప్పం చిక్కు భాషది: ఒకే ఉదయం బెంగుళూరు పార్టీతో కన్నడం, కృష్ణగిరి పార్టీతో తమిళం, రైతుతో తెలుగు మాట్లాడాలి. జోహో 2025 జూలైలో తన సొంత కృత్రిమ మేధ నమూనాను ప్రకటించినప్పుడు, మాటను రాతగా మార్చే ఏర్పాటు మొదట ఇంగ్లీషు, హిందీలకే వచ్చింది. అందువల్ల నోటితో చెబితే చిట్టా రాసుకుంటుందన్న ఆశతో కొనేవారు, కొనేముందు మన తెలుగులో పది వాక్యాలు మాట్లాడి చూసుకోవాలి. ధరల జోస్యం మీద కూడా ఇదే జాగ్రత్త అవసరం. మనం రాసిన పాత బేరాలే దానికి తెలుసు. కోలారులో రేపు ఎన్ని లారీలు దిగుతాయో దానికి తెలియదు.

పార్టీల, రైతుల నంబర్లు ఇలా ఒకచోట చేరిస్తే బాధ్యత కూడా చేరుతుంది. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలకు అప్పటినుంచి 18 నెలల గడువు ఇచ్చారు. సమాచారాన్ని భద్రపరచడంలో తప్పితే జుర్మానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చునని చట్టం చెబుతున్నది.

ఈ సాఫ్ట్‌వేర్లకు సాధారణంగా మనిషికి, నెలకు ఇంతని అద్దె. అద్దె ఆపేసిన రోజున మన చిట్టా మొత్తం ఎక్సెల్ రూపంలో దించుకోగలమా అన్నది కాగితం మీద రాయించుకోవాలి. పాత పార్టీల వివరాలు ఎక్కించడానికి తీరిక కావాలి కనుక చింతపండు వర్తకులకు జనవరి అనుకూలం. టమోటా మండీలవారు రాకడలు పలచబడే వరకు ఆగవలసి ఉంటుంది.