మూస, పోత, పోలిక: ప్లాస్టర్ మూసలో సిలికాన్ శిల్పనిర్మాణం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
తెలుగు సాహిత్యవిమర్శలో 'మూస' నిందార్థంలో స్థిరపడిన మాట. శిల్పశాలలో మూస చేసే పని దీనికి భిన్నమైనది. మట్టినమూనా మీద ప్లాస్టర్ మూస కట్టి, అందులో సిలికాన్ శిల్పాన్ని పోతపోసే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. నమూనా, మూస, పోత అనే మూడింటిలో ఏది లొంగుతుందన్న దాన్ని బట్టే మూస స్వభావం నిర్ణయమవుతుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మూస, అచ్చు, పోత, ప్లాస్టర్, సిలికాన్, కొత్తపేట, వృత్తిపదజాలం.

1. ప్రవేశిక:
ఒక కథలో కొత్తదనం లేదనడానికి 'మూసకథ' అంటాం. పాత్రలో ప్రాణం లేకపోతే 'మూసపాత్ర' అంటాం. తరగతి గదిలో ఈ మాట వాడని తెలుగు అధ్యాపకులు ఉండరేమో. అయితే మూసను కట్టేవారి పని చూసినప్పుడు ఈ ఉపమానం ఎంతవరకు నిలుస్తుందన్న సందేహం కలుగుతుంది.

గోదావరి డెల్టాలో ఈ సందేహం తీర్చుకోవడానికి దూరం పోనక్కరలేదు. ఒకప్పటి తూర్పుగోదావరి, 2022 నుంచి డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలో ఉన్న కొత్తపేట, శిల్పి రాజ్‌కుమార్ వుడయార్ వల్ల విగ్రహాలకు పేరుపొందింది. ఫైబర్, కంచు విగ్రహాలకు మొదటి రూపం మట్టి. మట్టికీ తుదిరూపానికీ మధ్య ఉండే మెట్టు మూస. ఇటీవలి దశాబ్దాల్లో శిల్పకళలోకి వచ్చిన సిలికాన్ ఈ మెట్టు స్వభావాన్నే మార్చింది. ఆ మార్పు ఎక్కడుందో చెప్పడం ఈ వ్యాసోద్దేశం.

2. మాటల వెనుక వస్తువులు:
'మూస' మొదట కంసాలి లోహం కరిగించే పాత్ర. సంస్కృత 'మూషా' శబ్దం నుంచి వచ్చింది. కరిగిన లోహం రూపుదిద్దుకునే చోటుకూ అదే పేరు వాడుకలోకి వచ్చింది. 'అచ్చు' ముద్రకూ, మూసకూ సమానంగా చెల్లుతుంది. వ్యాకరణంలోని అచ్చులకూ దీనికీ సంబంధం లేదు. 'పోత' పోయడం నుంచి వచ్చిన నామం. తెలుగు బైబిలు చదివినవారికి 'పోతవిగ్రహం' పరిచయమే. వీటికన్న నాకు ఆసక్తి కలిగించే మాట 'కరువు'. క్షామార్థంలోని శకటరేఫపు 'కఱవు' వేరు, సాధురేఫంతో పోత అచ్చును చెప్పే 'కరువు' వేరు. శకటరేఫం వాడుక నుంచి తప్పుకోగానే రెండూ ఒకే రూపంలో కలిసిపోయాయి, క్షామమే మిగిలింది. తమిళంలో 'కరు' గర్భపిండానికీ అచ్చుకూ ఒకే పేరు. మూసను గర్భంగా చూసిన ఈ దృష్టికీ, మూసను నిర్జీవంగా చూసే మన విమర్శపదానికీ ఎంత దూరముందో గమనించదగినది.

భద్రిరాజు కృష్ణమూర్తి 'మాండలిక వృత్తిపదకోశం' వ్యవసాయపదాలతో 1962లోనూ, చేనేతపదాలతో 1971లోనూ వెలువడింది. నేటి విగ్రహశాలల పదజాలం అటువంటి పనికి తగిన క్షేత్రం. అక్కడ పాత తెలుగు మాటల పక్కనే మోల్డ్, కాస్టింగ్, ఫైబర్ వంటి మాటలు తెలుగు విభక్తులతో కలిసి నడుస్తున్నాయి.

3. లొంగేది ఏది?
మూసపనిలో మూడు వస్తువులు ఉంటాయి: నమూనా, మూస, పోత. రెండు సందర్భాల్లో ఒకదాని నుంచి ఒకటి విడిపోవాలి. మొదట నమూనా నుంచి మూస, తరువాత మూస నుంచి పోత. విడిపోయే ప్రతిసారీ రెంటిలో ఒకటి లొంగాలి. లొంగడమంటే వంగడం కావచ్చు, కరగడం కావచ్చు, పగలడం కావచ్చు. రెండూ గట్టివై, రూపంలో లోపలికి తిరిగిన మలుపులు ఉంటే అవి విడివడవు. చెవి వెనుక, ముక్కుపుటాల లోపల, గడ్డం కింద ఉండే ఇటువంటి చోట్లను శిల్పులు అండర్‌కట్ అంటారు.

కజ్జికాయ అచ్చు గట్టిది, పిండి మెత్తనిది. కాబట్టి పిండి లొంగుతుంది, అచ్చు ఏళ్లతరబడి ఉంటుంది. పన్నెండో శతాబ్దిలో చాళుక్య సోమేశ్వరుడి 'మానసోల్లాసం' వర్ణించిన మధూచ్ఛిష్ట విధానంలో మైనపు నమూనా కరిగి పోతుంది, తరువాత మట్టిమూసను పగలగొట్టి లోహవిగ్రహాన్ని తీస్తారు. ఆదిలాబాద్ డోక్రా పనిలోనూ ఇంతే. అక్కడ మూస ఒక్క విగ్రహానికే పుట్టి, దానితోనే పోతుంది. ఒకటి రెండోదానిలా ఉండటం సాధ్యమే కాదు. 'మూసపోసినట్టు' అన్న నింద ఈ మూసకు అసలే వర్తించదు.

మట్టినమూనా మీద కట్టిన ప్లాస్టర్ మూసలో మళ్లీ ప్లాస్టర్‌నే పోతపోసే పద్ధతిలో కూడా మూసను ఉలితో కొద్దికొద్దిగా చెక్కి పారవేయవలసిందే. దీన్ని వేస్ట్ మోల్డ్ అంటారు. లోపలి మొదటి పూతలో నీలిమందు కలపడం ఒక ఉపాయం. ఉలి నీలిపొరను తాకగానే శిల్పం దగ్గరపడిందని చేతికి తెలుస్తుంది.

సిలికాన్‌తో ఈ లెక్క రెండు విధాల మారింది. గట్టి నమూనా మీద సిలికాన్ మూస కడితే మూస వంగి ఊడివస్తుంది, దాంట్లో ఎన్నో పోతలు తీయవచ్చు. గట్టి ప్లాస్టర్ మూసలో సిలికాన్ శిల్పాన్ని పోస్తే శిల్పమే వంగి బయటికి వస్తుంది, మూస నిలుస్తుంది. పదార్థం ఒకటే అయినా మొదటిదానిలో అది మూస, రెండోదానిలో శిల్పం. వినేవారు ఈ రెంటినీ తరచు కలిపివేస్తారు. మన విషయం రెండోది. ఆత్రేయపురం పూతరేకు చూసినవారికి ఇది కొత్త కాదు: వేడి కుండ అలాగే ఉంటుంది, దాని ఆకారం తీసుకున్న పలుచని రేకు ఊడివస్తుంది. కొత్తపేటకు ఆత్రేయపురం దగ్గరే.

4. ప్లాస్టర్ మూస కట్టే విధం:
జిప్సంను సుమారు 150 డిగ్రీల వేడికి గురిచేస్తే అందులోని నీటిలో నాలుగింట మూడు పాళ్లు పోతుంది. మిగిలిన పొడి ప్లాస్టర్ ఆఫ్ పారిస్. పారిస్ దగ్గరి మోమార్త్ర్ జిప్సం గనుల వల్ల ఆ పేరు వచ్చింది. నీరు తగలగానే పొడి పోగొట్టుకున్న నీటిని తిరిగి తీసుకుని సూదుల్లాంటి స్ఫటికాలుగా అల్లుకుంటుంది. ఆరడం కాదు, ఇది గట్టిపడటం. అందుకే ప్లాస్టర్ వేడెక్కుతుంది, పొడవులో వెయ్యింట రెండు మూడు పాళ్లు వ్యాకోచిస్తుంది. ఈ స్వల్ప వ్యాకోచమే సన్నని గీతలోకి కూడా అది చొచ్చుకుపోవడానికి తోడ్పడుతుంది.

తల శిల్పాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఇనుపచువ్వల చట్రం మీద బంకమట్టితో నమూనా పూర్తయ్యాక శిల్పి చేసే మొదటి పని విడుపుగీతను నిర్ణయించడం. మూస ఎక్కడ రెండుగా విడిపోవాలో చెప్పే గీత అది. నడినెత్తి నుంచి చెవుల వెనుకగా మెడ మీదికి దించడం సాధారణ పద్ధతి. గీత మలుపుల శిఖరాల మీదుగానే పోవాలి, లోయల్లో పడితే మూస ఊడదు. ఆ గీత వెంట పలుచని రేకు ముక్కలను వరుసగా మట్టిలో గుచ్చి చిన్న గోడ కడతారు. నా దృష్టిలో మూసపనిలో సృజన అనదగింది ఏదైనా ఉంటే అది ఈ గీతలోనే ఉంది. పద్యంలో వాక్యాన్ని ఎక్కడ విరవాలో కవి నిర్ణయించుకోవడం వంటిది.

ప్లాస్టర్ కలిపేటప్పుడు పొడిని నీటిలో చల్లాలి, పొడిలో నీరు పోయకూడదు. పొడి నీటిపైన చిన్న దిబ్బలుగా తేలే దాకా చల్లి, కొద్దిసేపు నాననిచ్చి, బుడగలు రాకుండా కలపాలి. మొదటి పూతను పలుచగా చేత్తో చిలకరించి, సన్నని వివరాల్లోకి ఊది పంపిస్తారు. తరువాతి పూతలు చిక్కగా, గోనెపట్ట గాని కొబ్బరిపీచు గాని చేర్చి వేస్తారు. తలకు రెండు మూడు సెంటీమీటర్ల మందం చాలు. మొదటి సగం గట్టిపడ్డాక రేకులు తీసి, అంచులో గుండ్రటి గుంటలు తొలిచి, అంచుకు సబ్బునీరు రాసి రెండో సగం కడతారు. ఆ గుంటల వల్లనే మూస రెండు సగాలూ ప్రతిసారీ అదే చోట కూర్చుంటాయి.

మూస వేడెక్కి చల్లారాక అతుకులో నీరు పోస్తూ చెక్కచీలలతో మెల్లగా విడదీస్తారు. తడిమట్టికి ప్లాస్టర్ అంటుకోదు. మట్టి తవ్వి తీయడంతో నమూనా నశిస్తుంది. శిల్పి వేళ్లతో చేసిన రూపం అప్పటి నుంచి ఖాళీ చోటుగా మాత్రమే ఉంటుంది. మూసలో బొడిపె కనిపిస్తే శిల్పంలో అది గుంట అవుతుంది. మూసను సరిదిద్దేవారు ముఖాన్ని తలకిందులుగా కాదు, లోపలికి బయటికి తిరగేసి చదవాలి.

డెల్టాలో చిక్కంతా మూసను ఆరబెట్టడంలో ఉంది. గట్టిపడటానికి అవసరమైన దానికన్న ఎక్కువ నీరు కలుపుతాం, అది మూసలో మిగిలిపోతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉండే వానకాలంలో అది బయటికి రావడానికి వారాలు పట్టవచ్చు. తొందరపడి మంట దగ్గర పెడితే స్ఫటికంలోని నీరే పోయి మూస పొడిరాలుతుంది. నీడలో, గాలి ఆడే చోట ఓపికపట్టడమే మార్గం. తెరిచి ఉంచిన ప్లాస్టర్ బస్తా కూడా ఈ తేమకే చెడుతుంది.

5. సిలికాన్ పోత:
ఆరిన మూస రంధ్రాలను షెల్లాక్‌తో మూసి, పైన పలుచగా వాజలీన్ రాస్తారు. పూత మందమైతే చర్మపు గీతలు పూడిపోతాయి. తడి మిగిలిన మూసలో పోస్తే శిల్పం ముఖం మీద బుడగలు తేలుతాయి.

సిలికాన్ రబ్బరు రెండు ద్రవాలుగా వస్తుంది, కలిపితే గట్టిపడుతుంది. తగరం ఉత్ప్రేరకంగా ఉండేది ఒక రకం. అది చవక, కాని కాలక్రమంలో కొంత కుంచించుకుపోతుంది. ప్లాటినం ఉత్ప్రేరకంగా ఉండే రకం దాదాపు కుంచించుకోదు కాబట్టి శిల్పాలకు దానినే కోరుకుంటారు. అయితే దానికి పథ్యం ఎక్కువ. గంధకం, తగరం, కొన్ని అమైన్లు తగిలితే గట్టిపడక జిడ్డుగా మిగిలిపోతుంది. కొన్ని నూనెమట్టిల్లో గంధకం ఉంటుంది. నమూనా అటువంటి మట్టితో చేసి ఉంటే మూసలో మిగిలిన మరక కూడా ప్రమాదమే.

ఇక్కడ రంగుల క్రమం చిత్రకారుడి క్రమానికి పూర్తిగా విరుద్ధం. చిత్రపటంలో చివర వేసిన రంగు పైన ఉంటుంది. మూసలో మొదట పూసినదే చివరికి పైపొర. సిలికాన్ కొంత కాంతిని లోపలికి పోనిస్తుంది కాబట్టి మొదట దాదాపు పారదర్శకమైన పొర, దాని వెనుక ఎరుపు ఛాయలు, ఇంకా లోపల నీలినరాల జాడ పూస్తూ పోవాలి. కాంతి ఈ పొరల గుండా వెళ్లి తిరిగివచ్చినప్పుడే అది చర్మంలా కనిపిస్తుంది. తల మొత్తాన్ని సిలికాన్‌తో నింపితే నాలుగు కిలోల పైన బరువు, ఖర్చూ ఎక్కువ. అందుకే లోపల ఫైబర్ గర్భం అమర్చి, చుట్టూ పలుచని తొడుగుగా పోస్తారు. గట్టిపడ్డాక మూస తెరిచి, తొడుగును మెల్లగా ఒలిచి, వెంట్రుకలను ఒక్కొక్కటిగా సూదితో గుచ్చుతారు. మామూలు రంగులు సిలికాన్‌కు అంటవు, సిలికాన్‌తో కలిపిన రంగులే పట్టుకుంటాయి.

విడుపుగీత ప్రాధాన్యం ఇక్కడ మళ్లీ బయటపడుతుంది. ఫైబర్ విగ్రహంలో అతుకుగీతను గరుకుకాగితంతో రుద్ది పోగొట్టవచ్చు. సిలికాన్‌ను రుద్దితే చిరుగుతుందే తప్ప నునుపెక్కదు. కంచులో, ఫైబర్‌లో మూస తరువాత దిద్దుబాటు ఉంది. సిలికాన్‌లో దాదాపు లేదు. మూస యాంత్రికమైన నడిమిమెట్టు కాదు, శిల్పి చేసే నిర్ణయాలన్నీ ముగిసే చోటు.

6. పోలిక:
డెల్టా ఊళ్లలో ఆర్థర్ కాటన్ విగ్రహాలు తరచు కనిపిస్తాయి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన దొరను చాలామంది గుర్రాన్ని, దుస్తులను చూసి పోల్చుకుంటారు. కూడలి విగ్రహం దూరం నుంచి చూడడానికి ఉద్దేశించింది. మూస పదేపదే వాడినా దానికి లోటు లేదు. సిలికాన్ ప్రతిమ దగ్గర నుంచి చూడడానికి చేసేది. 2020లో కర్ణాటకలోని కొప్పళలో ఒకరు కొత్త ఇంటి గృహప్రవేశంలో, ప్రమాదంలో మరణించిన భార్య సిలికాన్ ప్రతిమను కూర్చోబెట్టుకోవడం దేశమంతటా వార్త అయింది. అక్కడ చూసేవారు బాటసారులు కారు, ఆమె పిల్లలు.

పోలిక ఎక్కడి నుంచి వస్తుంది? ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం తన తల్లిదండ్రుల విగ్రహాలతో పాటు తన విగ్రహాన్నీ కొత్తపేటలో రాజ్‌కుమార్ వుడయార్‌కు పురమాయించారు. కొవిడ్ కారణంగా స్వయంగా రాలేక ఛాయాచిత్రాలు పంపారు. విగ్రహం చూసుకోకుండానే 2020 సెప్టెంబరు 25న కన్నుమూశారు. ఛాయాచిత్రంలో లోతు ఉండదు. ముక్కు ఎంత ముందుకు వచ్చిందో, చెంప ఎంత లోపలికి పోయిందో శిల్పి ఊహించి మట్టిలో పెట్టాలి. సజీవుల ముఖం నుంచి నేరుగా మూస తీసుకోవచ్చు కదా అనవచ్చు. గట్టిపడే ప్లాస్టర్ వేడి చర్మాన్ని కాల్చగలదు కాబట్టి దంతవైద్యులు వాడే ఆల్జినేట్‌ను ముందు పూసి, దానిమీద ప్లాస్టర్ పట్టీలు వేస్తారు. అయినా ఆ బరువుకు చెంపలు జారుతాయి, కళ్లు మూసుకునే ఉంటాయి. కొలతలన్నీ సరైనవే, మనిషి మాత్రం నిద్రపోతున్నట్టో పోయినట్టో ఉంటాడు. కళ్లు తెరిపించడం మళ్లీ మట్టిపనే.

రాన్ మ్యూక్ 1996–97లో చేసిన 'డెడ్ డాడ్' ఈ విషయంలో తరచు ప్రస్తావనకు వస్తుంది. మరణించిన తండ్రి దేహాన్ని సిలికాన్ తదితర పదార్థాలతో, రోమం రోమం కనిపించేలా చేశాడు. పరిమాణం మాత్రం నిజదేహం కంటే బాగా చిన్నది. స్వేదరంధ్రం దాకా నిజం చేసిన శిల్పి కొలతను మాత్రం మార్చాడు. ఆ మార్పు మట్టిదశలోనే జరిగింది, మూస దాన్ని మోసింది. సిలికాన్ ఎంత చర్మంలా ఉన్నా నిర్ణయం దాని చేతిలో లేదు. ఈ తేడా గుర్తించకుండా సిలికాన్ ప్రతిమలను అనుకరణలని తోసిపుచ్చడం తొందరపాటు.

7. మూస ఎవరిది?
నిలిచే మూస ఒక కొత్త ప్రశ్న తెస్తుంది. పగలగొట్టే మూసకు యాజమాన్యపు తగాదా లేదు. ప్లాస్టర్ మూస శిల్పశాలలో ఉండిపోతే అందులో ఆ ముఖాన్ని మళ్లీ పోయవచ్చు. 1957 నాటి కాపీరైటు చట్టం శిల్పం అనే మాటలో పోతలనూ నమూనాలనూ చేర్చింది. హక్కు శిల్పికి లేని సందర్భంలో కూడా తాను కట్టిన మూసను, పోతను, నమూనాను అతడు వాడుకోవచ్చని 52వ సెక్షన్ అనుమతిస్తుంది. అయితే ఆ కృతి ప్రధానరూపాన్ని పునరావృతం చేయకూడదు, అనుకరించకూడదు. ఇంట్లో పెట్టుకోవడానికి ఆత్మీయుల ప్రతిమ చేయించుకునే కుటుంబాలు మూస సంగతి ముందే మాట్లాడుకోవడం మంచిది: తమకు అప్పగించాలా, శిల్పశాలలో ఉంచాలా, ఎదుట పగలగొట్టాలా. సిలికాన్ చిరిగినా రంగు మారినా మళ్లీ పోయడానికి మూస ఉండటం అవసరం. అదే మూస ఆ ముఖం మరొకచోట కనిపించడానికీ దారి.