అనాథ బాతుపిల్ల పెంపకం: ‘ముద్రణ’ ప్రక్రియ - ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:
కర్మన్‌ఘాట్ పక్కనే సరూర్‌నగర్ చెరువు ఉంది. హైదరాబాదు చెరువులలో ముక్కు కొసన పసుపు మచ్చ గల అడవి బాతులు నివసిస్తాయి. తల్లి నుండి తప్పిపోయిన పిల్ల దొరికినప్పుడు దానిని బ్రతికించడం ఒక్కటే సమస్య కాదు. బ్రతికిన పిల్ల బాతుగా మిగులుతుందా అన్నది అంతకంటె ముఖ్యమైన ప్రశ్న.

ముద్రణ - స్వరూపం:
పుట్టిన కొద్ది గంటలలో తనముందు కదలిన ప్రాణిని తల్లిగా గుర్తించి వెంబడించడమే ముద్రణ (ఇంప్రింటింగ్). 1873లో డగ్లస్ స్పాల్డింగ్ కోడిపిల్లలలో దీనిని గమనించాడు. 1935లో కోన్రాడ్ లోరెంజ్ సిద్ధాంతీకరించాడు. 1973లో నోబెల్ బహుమతిని పంచుకున్నాడు. మాలార్డ్ బాతుపిల్లలలో 13-16 గంటల వయస్సున ఈ గ్రహణశక్తి అత్యధికమని ఎక్‌హార్డ్ హెస్ ప్రయోగాలు చూపాయి. ముద్రణ మార్పులేనిదన్న లోరెంజ్ అభిప్రాయాన్ని తరువాతి పరిశోధకులు కొంత సవరించారు.

మన పల్లెలలో బాతు గుడ్లను పొదిగే కోడిపెట్ట కింద ఉంచుతారు. పిల్లలు ఆ పెట్టనే తల్లిగా నమ్మి వెంట తిరుగుతాయి. నీరు కనబడగానే మాత్రం దిగి ఈదుతాయి. పెట్ట గట్టుమీద కలవరపడుతుంది. ఈదడం సహజాతం, ఎవరిని అనుసరించాలన్నది నేర్చుకొన్నది అన్న భేదం ఇక్కడ స్పష్టమవుతుంది.

అయితే ఈ నేర్పు గుడ్డులోనే మొదలవుతుంది. గుడ్డు నుండి వెలువడకముందే పిల్ల తన గొంతునూ తోటి పిల్లల గొంతులనూ వింటుందనీ, ఆ వినికిడి వల్లనే స్వజాతి తల్లి పిలుపును గుర్తించగలుగుతుందనీ గిల్బర్ట్ గాట్లీబ్ నిరూపించాడు.

పెంపకం - జాగ్రత్తలు:
మొదటి వారం సుమారు 32-35 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం అవసరం. తరువాత క్రమంగా తగ్గించాలి. తల్లి రెక్కల చాటు లేని పిల్ల తడిస్తే చలికి లోనవుతుంది. కనుక లోతులేని పళ్లెంలో గులకరాళ్లు వేసి నీరు పెట్టాలి. బాతుపిల్లలకు కోడిపిల్లలకంటె నయాసిన్ ఎక్కువ కావాలి; కొరవడితే కాళ్లు బలహీనపడతాయి. రొట్టెముక్కలు ఆహారం కావు.

ఒంటరి పిల్లను ఒడిలో పెంచితే అది మనిషికే ముద్రితమవుతుంది. మనుషులంటే భయం లేని పక్షి చెరువులో ఎంతోకాలం మనలేదు. తోటి బాతుపిల్లలతో ఉంచడం, మనిషి స్పర్శను, మాటను తగ్గించడం దీనికి ఉపాయాలు.

ముగింపు:
తల్లి సమీపంలో ఉంటే పిల్లను ఆమెకు వదలడమే ఉత్తమం. లేనిపక్షంలో అటవీశాఖకు అప్పగించాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి బాతును పట్టి పెంచుకోవడాన్ని అనుమతించదు. పిల్ల మన వెంట నడవడం ముచ్చటగానే ఉంటుంది. కాని ఆ అడుగులు దాని జాతికి దూరమయ్యే అడుగులని గ్రహించడమే నిజమైన కారుణ్యం.