మెడ మీద గాటు: అపోహలు – వాస్తవాలు

మత్తు ఇచ్చాక ఒక్కోసారి రోగి గొంతులోకి ఊపిరి గొట్టం దిగదు. మాస్కు పెట్టినా గాలి లోపలికి పోదు. అప్పుడు డాక్టర్లు మెడ ముందు భాగంలో గాటు పెట్టి, నేరుగా శ్వాసనాళంలోకి గొట్టం పంపుతారు. ఇదే క్రికోథైరాయిడాటమీ. దీనిపై ఉన్న భయాలు పోవాలి.

అపోహ: గొట్టం వేయడం చేతకాని డాక్టరే మెడ కోస్తాడు.
వాస్తవం: గొంతు వాపు, రక్తస్రావం, ముఖం ఎముకలు విరగడం లాంటివి ఎంతటి అనుభవజ్ఞులకైనా దారి మూసేస్తాయి. ఏ విధంగానూ ఆక్సిజన్ అందనప్పుడు ఈ గాటు పెట్టాలని ఆలిండియా డిఫికల్ట్ ఎయిర్‌వే అసోసియేషన్ 2016 మార్గదర్శకాలూ చెబుతున్నాయి.

అపోహ: ఇంకో రెండుసార్లు ప్రయత్నిస్తే గొట్టం వెళ్తుంది, తొందరెందుకు?
వాస్తవం: ప్రతి ప్రయత్నానికీ గొంతు ఇంకా వాస్తుంది. ఆక్సిజన్ ఆగిన కొద్ది నిమిషాలకే మెదడు దెబ్బతింటుంది. 2005లో ఇంగ్లండ్‌లో సైనస్ ఆపరేషన్‌కు వెళ్లిన ఇద్దరు పిల్లల తల్లికి ఇదే జరిగింది. నర్సు ట్రాకియాస్టమీ (మెడ దగ్గర శ్వాసనాళానికి రంధ్రం చేసి గొట్టం పెట్టే ఆపరేషన్) సామగ్రి సిద్ధం చేసినా, సీనియర్ డాక్టర్లు గొట్టం వేసే ప్రయత్నంలోనే ఉండిపోయారు. 13 రోజుల తర్వాత ఆమె చనిపోయింది.

అపోహ: ఇదీ ట్రాకియాస్టమీయే.
వాస్తవం: ట్రాకియాస్టమీ ఇంకా కిందుగా, వీలైనంతవరకు నిదానంగా చేసే ఆపరేషన్. ఈ గాటు కంఠమణికి కాస్త దిగువన, చర్మానికి దగ్గరగా ఉండే పలుచని పొర మీద పెడతారు. బ్లేడు, బూజీ అనే సన్నని కడ్డీ, పెద్దవారికైతే 6 మి.మీ. గొట్టం చాలు. గండం గడిచాక తీసేస్తారు, లేదా ట్రాకియాస్టమీగా మారుస్తారు.

అపోహ: సూది గుచ్చితే సరిపోతుంది, బ్లేడు అక్కర్లేదు.
వాస్తవం: 2011లో వెలువడిన బ్రిటన్ జాతీయ నివేదికలో సూదితో సన్నని గొట్టం గుచ్చే పద్ధతి సుమారు 60 శాతం సందర్భాల్లో విఫలమైంది. అందుకే 2015 నాటి బ్రిటిష్ మార్గదర్శకాలు పెద్దవారికి బ్లేడునే ఎంచుకున్నాయి. చిన్న పిల్లల శ్వాసనాళం ఇరుకు కాబట్టి వారి విషయంలో పద్ధతి వేరు.

అపోహ: సినిమాల్లోలాగా పెన్నుతో ఎవరైనా చేయవచ్చు.
వాస్తవం: శిక్షణ లేనివారు ప్రయత్నించకూడదు. పెద్దవారికి గొంతులో ఏదైనా అడ్డుపడి ఊపిరాడకపోతే 108కి ఫోన్ చేయించండి. వీపు మీద 5 సార్లు గట్టిగా చరచండి. అది పనిచేయకపోతే బొడ్డుకు పైన 5 సార్లు లోపలికి, పైకి నొక్కండి. గర్భిణులకైతే ఛాతీ మీద నొక్కాలి.

గతంలో మీకు గొట్టం వేయడం కష్టమైందని డాక్టర్లు చెప్పి ఉంటే ఆ కాగితం భద్రపరచండి. మళ్లీ ఆపరేషన్ అవసరమైతే మత్తు డాక్టరుకు ముందే చూపించండి.